ప్రొడక్షన్ తాళాలు ఎవరి చేతిలో ఉండాలి? డెవలపర్ల యాక్సెస్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

కంపెనీల సిస్టమ్‌లలో ఎవరికి ఏ పర్మిషన్ ఉండాలో చూడటం నా వృత్తి. ప్రొడక్షన్ అంటే వ్యాపారం నిజంగా నడిచే అసలు సిస్టమ్, డెవలప్‌మెంట్ అంటే డెవలపర్లు ప్రోగ్రాములు రాసుకునే వేరే సిస్టమ్. యాక్సెస్ అంటే వాటిలోకి వెళ్లి పనిచేసే అనుమతి. మాధాపూర్ అద్దాల మేడల్లో పనిచేశాను. జీడిమెట్లలో ఫ్యాక్టరీ గేటు పక్కన రేకుల గదిలో నడిచే ఐటీ విభాగాల్లోనూ పనిచేశాను. రెండు చోట్లా ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఇవే. యజమానులు ఒకలా అడుగుతారు, డెవలపర్లు ఇంకోలా అడుగుతారు. ఇద్దరివీ ఇక్కడే కలిపి పెట్టాను.

మా డెవలపర్ పదేళ్లుగా మాతోనే ఉన్నాడు, ఇంట్లో మనిషి లాంటివాడు. ప్రొడక్షన్ యాక్సెస్ ఇవ్వనంటే అనుమానించినట్టు ఉండదా?

బ్యాంకు లాకర్ తెరవాలంటే మీ తాళం చెవి ఒక్కటే సరిపోదు, బ్యాంకు వాళ్ల చెవి కూడా పడాలి. దాన్ని అవమానంగా ఎవరూ తీసుకోరు. రేపు గొలుసు కనపడకపోతే నింద ఒక్కరి నెత్తిన పడకూడదనే ఆ ఏర్పాటు.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి, చాలా మందులు 12 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. ముందురోజు ఆదివారం. ఆ రాత్రి మందులు పంపిణీ చేసే ఒక సంస్థలో డెవలపర్ నేరుగా ప్రొడక్షన్ డేటాబేస్‌లో సరుకుల జాబితా అయిన ఐటమ్ మాస్టర్ మీద అప్‌డేట్ క్వెరీ, అంటే రేట్లు ఒక్కసారిగా మార్చే ఆదేశం, నడిపాడు. హడావుడిలో ఒక షరతు రాయడం మర్చిపోయాడు. 18 శాతంలోనే ఉండాల్సిన సరుకులు కూడా 5 శాతంలోకి జారిపోయాయి. సోమవారం పొద్దున బిల్లింగ్ మొదలైంది, మధ్యాహ్నం దాకా ఎవరూ గమనించలేదు. అప్పటికే వెళ్లిపోయిన బిల్లులకు డెబిట్ నోట్లు వేసుకుంటూ అకౌంట్స్ వాళ్లు వారం రోజులు కూర్చున్నారు.

డబ్బు నష్టం పెద్దదేమీ కాదు. నాకు గుర్తుండిపోయింది ఆ తర్వాత జరిగింది. రెండు నెలల పాటు ఎక్కడ ఏ లెక్క తేడా వచ్చినా అందరి చూపూ ఆ కుర్రాడి సీటు వైపే. స్టాక్ తగ్గినా, కమీషన్ తప్పు పడినా, ‘నువ్వేమైనా ముట్టుకున్నావా?’ అనే ప్రశ్నే. పనిమంతుడు, మంచివాడు. ఆ చూపులు తట్టుకోలేక ఉద్యోగం మారిపోయాడు. యాక్సెస్ లేని మనిషిని ఎవరూ ఆ ప్రశ్న అడగరు. ఈ హద్దులు కంపెనీకి ఎంత రక్షణో డెవలపర్‌కీ అంతే రక్షణ అని నేను చెప్పేది అందుకే.

కనీస యాక్సెస్ అంటే ఎంత? దానికి కొలత ఏమైనా ఉందా?

ఈ సూత్రం పాతదే. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లో రాసిన పరిశోధన పత్రంలో ఉంది. ప్రతి ప్రోగ్రామూ, ప్రతి యూజరూ తన పని పూర్తి చేయడానికి కావలసిన అతి తక్కువ అధికారాలతోనే నడవాలి అన్నారు వాళ్లు. అందులో యూజర్‌తో పాటు ప్రోగ్రామ్ కూడా ఉందని గమనించండి. ఆ మాట కింద మళ్లీ పనికొస్తుంది.

ఆచరణలో నేను మూడు విషయాలు అడుగుతాను. ఏ సిస్టమ్‌లో, ఏ పని కోసం, ఎన్నాళ్లకి? మొదటి రెండూ అందరూ రాస్తారు, మూడోది ఎవరూ రాయరు. పెళ్లికి అద్దెకు తెచ్చిన కుర్చీలైతే మర్నాడే వెనక్కి పంపిస్తాం, ఉంచితే అద్దె పెరుగుతుంది కాబట్టి. యాక్సెస్‌కి అద్దె లేదు. మూడేళ్ల కిందట డేటా మైగ్రేషన్ కోసం ఇచ్చిన పర్మిషన్ ఈ రోజుకీ అలాగే ఉంటుంది. మీ దగ్గరా ఉంటుంది, వెళ్లి చూడండి.

డెవలప్‌మెంట్ సిస్టమ్‌లోనైనా డెవలపర్‌కి అన్నీ ఇవ్వొచ్చా?

చాలావరకు ఇవ్వండి. అక్కడ కూడా ప్రతిదానికీ టికెట్ పెట్టమంటే పని సాగదు, ఆ విసుగు చివరికి ప్రొడక్షన్ మీదే పడుతుంది. రెండు మూడు విషయాల్లో మాత్రం జాగ్రత్త పడాలి. యూజర్లను తయారుచేసే అధికారం, ప్రొడక్షన్‌లోకి మార్పును దింపే అధికారం అక్కడి నుంచి కూడా ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, డెవలప్‌మెంట్ నుంచి ప్రొడక్షన్‌కి ఎవరో ఎప్పుడో సేవ్ చేసి పెట్టిన కనెక్షన్లు. పాస్‌వర్డ్ అందులోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ మీట నొక్కితే అక్కడ తలుపు తెరుచుకుంటుంది. ముందు తలుపుకి మూడు తాళాలు వేసి వంటింటి తలుపు దగ్గరకు వేసి వదిలేసినట్టు.

ఇక్కడే అమీర్‌పేట మాట చెప్పాలి. మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు నేర్చుకుని వచ్చినవాళ్లు మన ఊళ్లో వేలల్లో ఉన్నారు, నేనూ ఆ గల్లీల్లోంచి వచ్చినవాణ్నే. ట్రైనింగ్ సిస్టమ్‌లో అందరికీ అన్నీ తెరిచే ఉంటాయి. అలా ఉండకపోతే పాఠం నడవదు. అయితే ‘మీకు ఈ అధికారం లేదు’ అనే ఎర్ర సందేశాన్ని ఆరు నెలల కోర్సులో ఒక్కసారి కూడా చూడని మనిషి, ఉద్యోగంలో చేరిన మొదటి వారం అది చూడగానే సిస్టమ్ పాడైందనుకుంటాడు. కొత్తగా చేరినవాళ్లకి ఒక అరగంట కూర్చోబెట్టి, ఏది ఎందుకు మూసి ఉందో, ఎవరిని అడగాలో చెప్పండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

మా శాప్ కన్సల్టెంట్ ప్రొడక్షన్‌లో శాప్ ఆల్ ప్రొఫైల్ కావాలంటున్నాడు. ఇవ్వాలా?

వద్దు. శాప్ అంటే కంపెనీ లెక్కలు, సరుకులు, జీతాలు నడిపే సాఫ్ట్‌వేర్. శాప్ ఆల్ అంటే అందులోని అధికారాలన్నీ ఒకేసారి. సేల్స్‌ఫోర్స్‌లో మాడిఫై ఆల్ డేటా, మైఎస్‌క్యూఎల్‌లో గ్రాంట్ ఆల్, అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో అడ్మినిస్ట్రేటర్ యాక్సెస్ అడిగినా జవాబు అదే, అవీ అలాంటివే.

సరే, శాప్ ఆల్ తీసేశాం. ఇక నిశ్చింతేనా?

ఇంకా లేదు. పెద్ద పేరు ఉన్నదాన్ని తీసేసి చిన్న పేరుతో అదే అధికారాన్ని వదిలేయడం చాలాచోట్ల చూశాను.

అన్నిటికంటే ప్రమాదకరమైనది డీబగ్గింగ్‌లో, అంటే నడుస్తున్న ప్రోగ్రాముని మధ్యలో ఆపి తప్పు వెతికేటప్పుడు, విలువలు మార్చే అధికారం. ఇది ఎస్ డెవలప్ అనే ఆథరైజేషన్ ఆబ్జెక్ట్‌లో (శాప్‌లో ఒక్కో అధికారాన్ని నిర్వచించే భాగం), డీబగ్ పక్కన 02 అనే యాక్టివిటీ రూపంలో ఉంటుంది. చూడటానికి చిన్న అంకె. అది ఉన్న డెవలపర్, ఈ యూజర్‌కి పర్మిషన్ ఉందా అని ప్రోగ్రామ్ తనిఖీ చేసే చోటే దాన్ని ఆపి, ‘లేదు’ అని వచ్చిన జవాబుని ‘ఉంది’ అని మార్చి ముందుకు పోవచ్చు. అంటే మీరు కష్టపడి కట్టిన మిగతా రోల్స్, అంటే పనిని బట్టి కట్టిన పర్మిషన్ల మూటలు, అన్నీ ఉత్తివే. ఇలా మార్చినప్పుడు, ఎస్‌ఎం21 అనే తెరలో కనిపించే సిస్టమ్ లాగ్‌లో నమోదవుతుంది. ఎస్‌ఎం21లో ఎవరైనా చూస్తున్నారా అన్నదే ప్రశ్న. ప్రొడక్షన్‌లో డెవలపర్‌కి డీబగ్గింగ్ ఇవ్వాల్సివస్తే 03, అంటే చూడటం వరకే ఇవ్వండి.

తర్వాతది క్లయింట్ సెట్టింగ్. క్లయింట్ అంటే ఇక్కడ కస్టమర్ కాదు, శాప్‌లో సొంత డేటాతో విడిగా ఉండే భాగం. దాన్ని తెరిచే, మూసే తెర ఎస్‌సీసీ4. ఎస్‌సీసీ4లో ప్రొడక్షన్ క్లయింట్‌ని మార్పులకు మూసి ఉంచాలి. ‘ఒక్క ఐదు నిమిషాలు తెరుస్తాను’ అని తెరిచి మూయడం మర్చిపోయిన సందర్భాలు ఎన్నో. తెరిచిందెవరో, మూసిందెప్పుడో రాసిపెట్టే అలవాటు ఉండాలి.

ఇంకొకటి, మన సొంత జెడ్ ప్రోగ్రాములు, అంటే శాప్‌తో రాకుండా మనం రాసుకున్నవి, పేరు జెడ్‌తో మొదలయ్యేవి. ప్రామాణిక ప్రోగ్రాములు లోపల పర్మిషన్ తనిఖీ చేస్తాయి. మనవాళ్లు గడువు తరుముతుంటే రాసిన జెడ్ రిపోర్టుల్లో ఆ తనిఖీ తరచుగా ఉండదు. అలాంటప్పుడు, ప్రోగ్రాముల్ని పేరుతో నడిపే తెరైన ఎస్‌ఏ38 ఉన్న ఎవరైనా ఆ ప్రోగ్రాముని నేరుగా నడిపేయొచ్చు. యాక్సెస్ రివ్యూ అంటే యూజర్ల జాబితా చూడటం అనుకుంటాం కానీ, కోడ్ రివ్యూ కూడా అందులో భాగమే.

చివరిగా ట్రాన్స్‌పోర్ట్, అంటే డెవలప్‌మెంట్‌లో రాసిన మార్పుని ప్రొడక్షన్‌కి చేర్చడం. రాసినవాడే ప్రొడక్షన్‌లోకి దించకూడదు. ఇది పట్టుకుంటే మిగతా వాటిలో కాస్త పట్టు సడలినా ప్రాణం మీదకు రాదు.

రీడ్ ఓన్లీ ఇస్తే ఏం పోతుంది? చూడటమే కదా!

లాగ్స్, ఎర్రర్లు, జాబ్ ఎందుకు ఆగింది, ఏ వెర్షన్ నడుస్తోంది, ఇవన్నీ ధారాళంగా చూపించండి. ఈ విషయంలో పిసినారితనం చేసే కంపెనీలంటే నాకు కోపం. సమస్య కనిపించని డెవలపర్ సమస్యని ఎలా తీరుస్తాడు?

వ్యాపార డేటా సంగతి వేరు. శాప్‌లో పీఏ0008 టేబుల్ చూడగలిగినవాడికి ఆఫీసులో అందరి జీతాలూ తెలిసిపోతాయి. చూడటం వల్ల డేటా మారదు, ఆఫీసు వాతావరణం మారుతుంది. టేబుల్ పేర్లు లెక్కపెట్టి ఇచ్చే ఎస్ ట్యాబు నామ్ లాంటి ఆబ్జెక్ట్ ఉన్నది ఇందుకే. మొత్తం టేబుళ్లన్నీ చూపించే పాత పద్ధతి వదిలేయండి. పెద్ద టేబుళ్ల మీద బరువైన క్వెరీ నడిపితే అసలు బిల్లింగే నత్తనడక నడుస్తుంది, అది ఇంకో తలనొప్పి. వీలైతే చూడటానికి వేరే రెప్లికా, అంటే డేటాబేస్ నకలు, పెట్టండి.

టెస్టింగ్ కోసం ప్రొడక్షన్ కాపీ తీసుకోవచ్చా? అసలు డేటా లేకుండా తప్పులు దొరకవు కదా.

నిజమే, దొరకవు. మనం తయారుచేసే డేటాలో అన్ని పేర్లూ రవి, సీత. అన్ని అడ్రసులూ ఒకే పిన్‌కోడ్. అసలు డేటాలో ఉండే వంకరలు అందులో రావు. కాపీ తీసుకోండి, అయితే పేర్లు, ఫోన్లు, ఆధార్, పాన్, ఖాతా నంబర్లు మార్చాక గానీ డెవలపర్ చేతికి ఇవ్వకండి. లేకపోతే ప్రొడక్షన్‌కి వేసిన తాళాలన్నీ దండగ, అదే డేటా పక్క గదిలో బల్ల మీద ఉంది కాబట్టి.

డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది. వ్యక్తిగత సమాచారానికి తగిన భద్రత ఏర్పాట్లు చేయకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చని అందులో ఉంది. నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. టెస్ట్ సిస్టమ్‌లో పోయిన డేటా కూడా డేటానే.

కాపీ వల్ల వచ్చే ఇంకో ఇబ్బంది జనం ముందుగా ఊహించరు. ఒక చోట టెస్ట్ సిస్టమ్‌లో బాకీ గుర్తుచేసే జాబ్ నడిపారు. ఫోన్ నంబర్లు అసలువే. ఎప్పుడో కట్టేసిన బాకీలకి కస్టమర్లకి ఎస్ఎంఎస్‌లు వెళ్లాయి, అదీ బోనాల ఆదివారం పొద్దున్నే. కాల్ సెంటర్‌లో ఇద్దరే ఉన్నారు ఆ రోజు. పేర్లు, నంబర్లు మార్చే మాస్కింగ్‌తో పాటు టెస్ట్ సిస్టమ్ నుంచి బయటకి వెళ్లే ఎస్ఎంఎస్, ఈమెయిల్, బ్యాంకు దారులన్నీ మూసేయండి.

రాత్రి రెండింటికి ప్రొడక్షన్ ఆగిపోయింది. అప్పుడు కూడా యాక్సెస్ లేదంటారా?

ఈ ప్రశ్నకి జవాబు సిద్ధంగా లేని కంపెనీలో పై ప్రశ్నలన్నీ వృథా. యాక్సెస్ కోసేసి వేరే దారి చూపించకపోతే జనం తమ దారి తాము వెతుక్కుంటారు. ఎవరిదో పాస్‌వర్డ్ వాట్సాప్‌లో తిరుగుతుంది, ఏదో పాత ఐడీ గుర్తొస్తుంది. ఒకే పాస్‌వర్డ్ ఆరుగురికి తెలిసిన చోట, కాగితం మీద ఎంత గొప్ప రోల్ డిజైన్ ఉన్నా ఆరుగురూ ఒక్కరే.

కాబట్టి అత్యవసర దారి ముందే వేసి ఉంచాలి. శాప్ వాళ్లు దాన్ని ఫైర్‌ఫైటర్ ఐడీ అంటారు. ఎక్కువ అధికారాలున్న ఒక ప్రత్యేక ఐడీ, మామూలు రోజుల్లో మూసి ఉంటుంది. కావలసినవాడు కారణం రాసి అడుగుతాడు, ఒకరు ఒప్పుకుంటారు, నాలుగు గంటల పాటు తెరుచుకుని ఉంటుంది, తర్వాత దానంతట అదే మూసుకుపోతుంది. లోపల ఏం చేశాడో అంతా లాగ్ అవుతుంది, ఎవరు వాడారో పేరుతో సహా. క్లౌడ్‌లో గడువుతో కూడిన తాత్కాలిక రోల్ ఇదే పని చేస్తుంది.

ఒప్పుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండాలి. ఒకరే ఉంటే ఆయన తిరుపతి కొండ ఎక్కుతున్న రోజే సర్వర్ పడిపోతుంది, ఇది నా అనుభవం. అడిగిన దగ్గర్నుంచి పది నిమిషాల్లో తెరుచుకోవాలి. ఒకసారి పగటిపూట అందరూ మెలకువగా ఉన్నప్పుడు ఉత్తుత్తిగా నడిపి చూడండి. ఆ ఐడీ పాస్‌వర్డ్ గడువు ఎప్పుడో ముగిసిందని తెల్లవారుజామున తెలుసుకోవడం కంటే అది నయం.

ఇద్దరు కూర్చుని చేయండి అని కూడా అంటాను. 2017 జనవరి 31న, డెవలపర్ల కోడ్ దాచే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగిందో ఆ కంపెనీయే బహిరంగంగా రాసింది. రాత్రి పొద్దుపోయాక సమస్యతో కుస్తీ పడుతున్న ఒక ఇంజినీర్, రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో డేటా డైరెక్టరీని తొలగించాడు. తప్పు తెలిసి ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. సుమారు ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. అతనికి అర్హత ఉంది, అధికారమూ ఉంది. లేనిదల్లా పక్కన కూర్చుని ‘ఒక్క నిమిషం, ఇది ఏ సర్వర్?’ అనే మనిషి. ప్రొడక్షన్ తెర రంగు ఎర్రగా పెట్టుకోవడం లాంటి చవక ఉపాయాలు కూడా ఇలాంటి చోటే అక్కరకొస్తాయి.

మర్నాడు లాగ్ చదవాలి. చాలా కంపెనీల్లో నెలాఖరున మేనేజర్ నలభై లాగ్‌లు ఒకేసారి టిక్ కొట్టి పంపేస్తాడు. దానికంటే చదవకపోవడమే నిజాయితీ. లాగ్ చదివేవాడు ఆ వ్యాపారం తెలిసినవాడై ఉండాలి, వారంలోపు చదవాలి. అందులో ఒకే కారణం నెలకి మూడుసార్లు కనిపిస్తే దాన్ని అత్యవసరం అనడం మానేయండి. అది రోజువారీ పని, దానికొక తెర తయారుచేసి వ్యాపార విభాగానికే ఇచ్చేయండి.

డేటా నేరుగా సరిచేయక తప్పని పరిస్థితి వస్తే?

వస్తుంది, తప్పదు. స్క్రిప్ట్ డెవలపర్ రాస్తాడు, ఇంకొకరు చదువుతారు, ఆపరేషన్స్ వాళ్లు నడుపుతారు. ఎన్ని వరుసలు మారాలో ముందే కాగితం మీద రాసుకోవాలి. 214 మారాలని రాసి, నడిపాక 48,000 అని వస్తే కమిట్ చేయకుండా, అంటే మార్పుని ఖరారు చేయకుండా, వెనక్కి తిప్పేయొచ్చు. జీఎస్టీ రాత్రి ఈ ఒక్క అలవాటు ఉన్నా ఆ కుర్రాడు ఇంకా అక్కడే ఉండేవాడు.

మాది చిన్న కంపెనీ, మొత్తం నలుగురం. రాసేవాడు, నడిపేవాడు, చదివేవాడు ముగ్గురూ ఒక్కడే. మాకిదంతా కుదురుతుందా?

మొత్తం కుదరదు, కొంత కుదురుతుంది. ఆ ఒక్కడికే రెండు ఐడీలు ఇవ్వండి. రోజువారీ పనికి ఒకటి, అడ్మిన్ పనికి ఒకటి. అడ్మిన్ ఐడీతో లాగిన్ అయిన ప్రతిసారీ యజమాని ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చేలా పెట్టండి. ఆపే మనిషి లేనప్పుడు చూసే మనిషైనా ఉండాలి. అసలైన మాస్టర్ పాస్‌వర్డ్‌ని సీలు వేసిన కవర్లో పెట్టి బీరువాలో దాచండి. మోటుగా అనిపిస్తుంది కానీ సీలు చిరిగిందో లేదో కంటికి కనిపిస్తుంది. ట్యాలీ వాడేవాళ్లు అందరూ ఒకే లాగిన్‌తో పనిచేయడం ఈ వారమే మానేయండి.

ఆడిటర్లు దేని గురించి అడుగుతారు?

2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి. ప్రతి లావాదేవీలో ఏ మార్పు ఎప్పుడు జరిగిందో నమోదు కావాలి, దాన్ని ఆపేయడానికి వీలుండకూడదు. ఆడిటర్ తన నివేదికలో దీనిమీద వ్యాఖ్య రాయాలి. అప్లికేషన్ తెర నుంచి చేసిన మార్పులు సులువుగానే నమోదవుతాయి. చిక్కంతా డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లి చేసే మార్పులతో. డెవలపర్‌కి ఆ దారి తెరిచి ఉందంటే ‘అక్కడి లాగ్ ఏది?’ అన్నది ఆడిటర్ రెండో ప్రశ్న అవుతుంది.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి, సైబర్ ఘటనల్ని గుర్తించిన ఆరు గంటల్లో తెలియజేయాలి. ఎవరు లోపలికొచ్చారో చెప్పలేని కంపెనీ ఆరు గంటల్లో ఏం రాసి పంపుతుంది?

మన ఊళ్లో ఫార్మా కంపెనీలకి ఇంకో మెట్టు ఎక్కువ. అమెరికాకి మందులు పంపేవాళ్లు 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 పాటించాలి. ఎలక్ట్రానిక్ రికార్డులపై 1997 నాటి ఈ అమెరికా నియమం సిస్టమ్ యాక్సెస్ అనుమతి ఉన్నవాళ్లకే ఉండాలంటుంది, ఆడిట్ ట్రెయిల్ ఉండాలంటుంది. 2018 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన డేటా ఇంటిగ్రిటీ (డేటా నమ్మదగ్గదిగా ఉండటం) మార్గదర్శకం, రికార్డుల్లోని సమాచారానికి బాధ్యులైనవాళ్లకి అడ్మినిస్ట్రేటర్ పాత్ర ఉండకూడదని సూచిస్తుంది. అంటే ల్యాబ్‌లో టెస్ట్ చేసే మనిషి చేతిలో ఆ యంత్రం అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండకూడదు.

హైదరాబాద్‌లో ఈ విషయం మాట్లాడుతూ సత్యం కంప్యూటర్స్ పేరెత్తకుండా ఉండలేం. 2009 జనవరి 7న ఆ కుంభకోణం బయటపడింది. ఇన్‌వాయిస్‌లు నిర్వహించే సిస్టమ్‌లో ‘అడ్మిన్’ అనే సూపర్ యూజర్ ఐడీతో 7,561 ఇన్‌వాయిస్‌లు కనిపించకుండా దాచారని దర్యాప్తులో తేలింది. వాటి విలువ ఐదు వేల కోట్ల పైమాటే. అది డెవలపర్ పొరపాటు కాదు, పైనుంచి నడిచిన మోసం. అయినా ఎవరైనా నాతో ‘అడ్మిన్ అని ఒక కామన్ ఐడీ ఉంది లెండి’ అని తేలిగ్గా అంటే నాకు ఆ అంకే గుర్తొస్తుంది.

కాంట్రాక్ట్ మీద వచ్చినవాళ్ల సంగతి?

మన దగ్గర ఒక డెవలపర్ ఒక కంపెనీ పేరోల్‌లో ఉంటాడు, ఇంకో కంపెనీ ద్వారా మూడో కంపెనీలో పనిచేస్తాడు. అతను మానేసిన సంగతి మొదటి కంపెనీ హెచ్ఆర్‌కి తెలుస్తుంది. మూడో కంపెనీ సిస్టమ్‌లో ఐడీ మాత్రం బతికే ఉంటుంది. అందుకే కాంట్రాక్ట్ ఐడీలకి మొదటి రోజే ముగింపు తేదీ వేయండి. తొంభై రోజులు చాలు, అవసరమైతే పొడిగించుకుంటారు.

సిస్కోలో 2018 ఏప్రిల్‌లో రాజీనామా చేసిన ఒక ఇంజినీర్ అదే ఏడాది సెప్టెంబర్‌లో కంపెనీ క్లౌడ్‌లోకి వెళ్లి 456 వర్చువల్ మెషీన్లు తొలగించాడు. 16 వేలకు పైగా వెబెక్స్ టీమ్స్ (ఆన్‌లైన్ సమావేశాల సేవ) ఖాతాలు, కొన్ని రెండు వారాల దాకా పనిచేయలేదు. వెళ్లిపోయి ఐదు నెలలైంది, చూడండి.

మనుషులకి సరే. ప్రోగ్రాములు వాడే ఐడీల మాటేమిటి?

పైన గుర్తుపెట్టుకోమన్నది ఇదే. ప్రోగ్రాము వాడే ఐడీని సర్వీస్ అకౌంట్ అంటారు, దానికి ‘ఎందుకైనా మంచిది’ అని అన్నీ ఇచ్చేస్తారు, దాని పాస్‌వర్డ్ కోడ్‌లోనే రాసేస్తారు, ఆ కోడ్ డెవలపర్లందరికీ కనిపిస్తుంది. ఇక మనుషుల యాక్సెస్ తగ్గించి ఏం లాభం? ఊబర్‌లో 2016లో దుండగులు, కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లోని ప్రైవేట్ కోడ్‌లోకి చొరబడి, అందులో దొరికిన తాళంతో ఏడబ్ల్యూఎస్‌లోకి వెళ్లారు. 5.7 కోట్ల మంది ప్రయాణికులు, డ్రైవర్ల వివరాలు పోయాయి. రహస్యాలు దాచే వాల్ట్ వాడండి, ఒక్కో ప్రోగ్రాముకి ఒక్కో ఐడీ ఇవ్వండి, మనుషులు ఆ ఐడీతో లాగిన్ కాకుండా ఆపండి.

ఏఐ కోడింగ్ సహాయకులకి?

నిన్న చేరిన కుర్రాడికి ఎంత ఇస్తారో అంతే, లేదా ఇంకాస్త తక్కువ. అది మీ డెవలపర్ లాగిన్‌తోనే నడుస్తుంది కాబట్టి అతనికున్నవన్నీ దానికీ ఉంటాయి. 2025 జూలైలో కోడింగ్ సేవ రెప్లిట్ ఏఐ ఏజెంట్ ఒకటి, మార్పులు చేయొద్దని చెప్పినా ఒక యూజర్ ప్రొడక్షన్ డేటాబేస్‌ని తుడిచేసింది. ‘వద్దు’ అని మాటతో చెప్పడం పర్మిషన్ కాదు.

నేను డెవలపర్‌ని. యాక్సెస్ అడిగితే రెండు వారాలు పడుతోంది, టెన్షన్ నాది. ఎలా అడిగితే త్వరగా వస్తుంది?

‘యాక్సెస్ లేదు సార్, ప్లీజ్ ఇప్పించండి’ అని రాయకండి. అలాంటి టికెట్ చూసినవాడు ఏం ఇవ్వాలో తెలియక పక్కన పెడతాడు, లేదా విసుగొచ్చి అవసరానికి మించి ఇచ్చేస్తాడు. శాప్‌లో అయితే ఆగిపోయిన వెంటనే ఎస్‌యూ53 నడిపి ఆ తెర జతచేయండి. ఏ ఆబ్జెక్ట్, ఏ విలువ దగ్గర ఆగిందో అందులో ఉంటుంది. అది చాలనప్పుడు, ప్రతి పర్మిషన్ తనిఖీనీ నమోదు చేసే ఎస్‌టీ ఆథ్ ట్రేస్ పెట్టమనండి. ఏ పని కోసం, ఏ తేదీ దాకా అని మీరే రాయండి. ముగింపు తేదీ రాసిన అభ్యర్థనని నేనైతే ముందు తీస్తాను, ఒప్పుకోవడానికి భయం ఉండదు కాబట్టి.

అయినా రెండు వారాలు పడుతోందంటే తప్పు మీది కాదు, మా వాళ్లది. మామూలు అభ్యర్థన ఒక్క పనిదినంలో తేలాలి. తేలకపోతే టికెట్ల తేదీలు ఒక కాగితం మీద వేసి మీ మేనేజర్‌కి చూపించండి. వాదన కంటే ఆ జాబితా బాగా పనిచేస్తుంది.

ఇప్పటికే అందరికీ అన్నీ ఉన్నాయి. గొడవ లేకుండా ఎలా వెనక్కి తీసుకోవాలి?

ముందు మూడు నెలల లాగ్ తీసి, ఎవరు నిజంగా ఏం వాడారో చూడండి. వాడనివి ముందు తీసేయండి, ఎవరికీ తెలియను కూడా తెలియదు. వాడుతున్నవాటి గురించి ఆ మనిషితోనే కూర్చుని మాట్లాడండి. ‘ఇది ఎందుకు వాడతారు?’ అని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు, ‘ఫలానా వాళ్లకి రిపోర్ట్ రాదు, నన్ను తీసిమ్మంటారు’ అని. ఆ రిపోర్ట్ వాళ్లకే వచ్చేలా చేస్తే యాక్సెస్ దానంతట అదే రాలిపోతుంది. అత్యవసర దారి పనిచేస్తోందని తేలేదాకా మాత్రం దేన్నీ తీయకండి.

తేదీ కూడా చూసుకోండి. శుక్రవారం సాయంత్రం వద్దు. నెలాఖరు, జీతాల రోజులు, 7న టీడీఎస్, 11న జీఎస్‌టీఆర్ 1, 20న జీఎస్‌టీఆర్ 3బీ గడువులు, వీటి చుట్టుపక్కల వద్దు. నేను సాధారణంగా 13 నుంచి 17 మధ్య వచ్చే మంగళవారమో బుధవారమో పెట్టుకుంటాను. పొద్దున పదిన్నరకి తీసి, సాయంత్రం దాకా ఆ టీమ్ పక్కనే ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటాను.